నింపుకున్న అంకె

ఏసీలు బాగుచేసేవాళ్ళలో రెండు రకాలుంటారు. గ్యాస్ తగ్గిందనగానే సిలిండరు తగిలించి, నింపేసి, చేతులు దులుపుకుని పోయేవాళ్ళు ఒక రకం. ఉన్న గ్యాస్ ఎటు పోయిందో, ఏ గొట్టం ఏ మూల కారుతోందో సబ్బునురగ పూసి పట్టుకునేదాకా నిచ్చెన దిగనివాళ్ళు రెండో రకం. ఈ కథలోని మెకానిక్ రెండో రకం మనిషి. "నింపడం ఎవడైనా నింపుతాడండీ, కారేది కనిపెట్టాలిగానీ" అంటూ ఇంటివాళ్ళతో వాదించి, కాసేపట్లో తేలే పనికి పూటంతా తీసుకుని, వాళ్ళ విసుగు మూటగట్టుకుని వచ్చేవాడు. అలాంటివాడు తన ఒంటి దగ్గరికొచ్చేసరికి మొదటి రకంలో చేరిపోయాడు. అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండించే సంగతి.

పెళ్ళయి చాలా ఏళ్ళయినా వాళ్ళకు పిల్లలు కలగలేదు. అందరూ చేసినట్టే ముందు భార్యని తిప్పారు. రక్తపరీక్షలనీ, స్కానింగులనీ ఆమె తిరగని ఆస్పత్రి లేదు, ఎక్కని బల్ల లేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమె ఉద్యోగం. సెలవు అడిగీ అడిగీ యజమాని ముందు మొహం చెల్లని స్థితికి వచ్చింది. అన్నీ అయ్యాక ఎవరికో జ్ఞానోదయమై, "ఒకసారి మీవారిని కూడా చూద్దామా" అన్నారు. అతని సంగతి ఒక్క పరీక్షతో తేలిపోయింది. వీర్యంలో కణాలు లేవు. తక్కువగా ఉండటం కాదు, వెతికితే ఒక్కటి కూడా కనబడలేదు.

ఆ రోజు ఇంటికొచ్చాక ఇద్దరూ వంటింట్లో కింద కూర్చున్నారు. దీపం వేయాలని ఇద్దరికీ తోచలేదు. చివరికి ఆమే నోరు విప్పింది.

"అత్తయ్యకి నాలోనే ఏదో లోపం ఉందని చెబుదామండీ."

"ఎందుకూ?" అన్నాడు. అనవలసింది అంతకంటే చాలా ఉంది. గట్టిగా వద్దనాలి, వీల్లేదనాలి. ఆ ఒక్క ముక్క మెల్లగా అని ఊరుకున్నాడు.

"నన్నంటే ఫోన్లో ఏవో సలహాలు చెప్పి వదిలేస్తారు. మిమ్మల్నంటే అన్నం మానేస్తారు. ఏ జబ్బు చెబుదాం? నోరు తిరగని పేరైతే అడ్డు ప్రశ్నలుండవు."

"గర్భసంచిలో మడత పడిందని చెప్పు."

"మడతా? చీరా అది?" అంటూ ఆమె పకపకా నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది. ఇంతటి దుర్వార్త మోసుకొచ్చిన రోజున వాళ్ళిద్దరూ ఆ చీకట్లో కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అప్పట్నుంచి అత్తగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, ఎడమవైపు తిరిగి పడుకుంటే మడత విప్పుకుంటుందటే" అన్నప్పుడల్లా, ఆమె ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి అతని వైపు చూసి కళ్ళెగరేసేది. ఆ అబద్ధం వాళ్ళ ఇంట్లో ఒక బిడ్డలాగే పెరిగింది.

కానీ నవ్వు ఇంట్లోనే. గడప దాటితే అతను ఒంటివాడే. ఈ బాధ ఎవరితో చెప్పుకోవాలి? తోటి మెకానిక్కులు టీ తాగుతూ మగతనం మీద వేసే జోకులకు అందరికంటే ముందు తనే నవ్వేవాడు. పైగా అతని వృత్తి ఒకటి పగబట్టినట్టుండేది. ఏసీ పాడైతే పెద్దవాళ్ళు ఓర్చుకుంటారు, పసిబిడ్డ ఉన్న ఇంటివాళ్ళు ఓర్చుకోరు. అందుకని అతనికి ముందు వచ్చే పిలుపులన్నీ ఉయ్యాల ఉన్న గదుల్లోంచే. "బాబు ఇప్పుడే పడుకున్నాడు, చప్పుడు చెయ్యకండి" అనేవాళ్ళు. చెప్పులు బయట వదిలి, పానా కింద పడకుండా గుడ్డ పరిచి, దొంగలా అడుగులో అడుగేసి పనిచేసేవాడు. చల్లగాలి మొదలయ్యాక బిడ్డ నిద్రలో ఒకసారి కదిలి, మూతి చప్పరించి, మళ్ళీ పడుకునేది. ఆ కదలిక చూసేదాకా నిచ్చెన మడవబుద్ధయ్యేది కాదు.

చివరికి ఒక మంచి డాక్టరు దొరికాడు. మగవాళ్ళ సంతాన సమస్యలే ఆయన పని. నెత్తిన జుట్టు లేకపోయినా మాటల్లో ఓపిక ఉంది. రక్తపరీక్ష కాగితం ముందు పెట్టుకుని ఇద్దరికీ విడమర్చి చెప్పాడు.

"ఇదిగో, ఈ ఎఫ్.ఎస్.హెచ్. అనేది తల పంపే ఆర్డరు. కణాలు తయారుచెయ్యండర్రా అని వృషణాలకి చెబుతుంది. కింద పని జరగకపోతే తల ఇంకా గట్టిగా అరుస్తుంది. అందుకే మీ అంకె ఇంత ఎక్కువుంది. ఇక ఈ టెస్టోస్టెరాన్, మగ హార్మోను, ఇది తక్కువుంది."

"అయితే ఇంక లేనట్టేనా?" అన్నాడు మెకానిక్.

"అలా ఎవరన్నారు? పని మొత్తం ఆగిపోయినా, ఏదో ఒక మూల చిన్న జాగాలో జరుగుతూ ఉండొచ్చు. మైక్రోస్కోపు కింద వృషణాన్ని తెరిచి ఆ జాగా కోసం వెతుకుతాం. దొరికితే, ఆ కణాలు తీసి మీ ఆవిడ అండంతో కలుపుతాం. సుమారు సగంమందికి దొరుకుతాయి."

"ఆ సగంలో నేనున్నానో లేనో ఈ అంకెల్లో తెలుస్తుందా అండీ?"

"ఊహించొచ్చు. తెలియడం వేరు. ఎఫ్.ఎస్.హెచ్. ఆకాశాన్నంటిన మనిషికి దొరికాయి, అంకెలన్నీ చక్కగా ఉన్నవాడికి దొరకలేదు. నా సర్వీసులో రెండూ చూశాను." కాగితం పక్కన పెడుతూ ఆయన మరో మాట అన్నాడు. "టెస్టోస్టెరాన్ ఇంకాస్త ఉండుంటే బాగుండేది. మీ ఒళ్ళే దాన్ని తయారుచేసుకునేలా మాత్రలు రాస్తాను. కొన్నాళ్ళు వాడండి, మళ్ళీ రక్తం చూసి ఆపరేషన్ తేదీ అనుకుందాం."

ఆయన చెప్పినవన్నీ భార్య విన్నది. అతను విన్నది ఒక్కటే, టెస్టోస్టెరాన్ ఇంకాస్త ఉండుంటే బాగుండేదన్నది. తక్కువైంది ఏదో తెలిశాక దాన్ని పెంచకుండా ఉండటం అతనివల్ల అయ్యే పని కాదు. మాత్రలు కొన్నాళ్ళు మింగాడు. ఒంట్లో ఏ మార్పూ తెలియలేదు.  ఆమె వయసు దాటిపోవడానికి కారణం తనేనన్న మాట లోపల తొలుస్తూ ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక వ్యాయామశాలలో ఏసీ బాగుచేయడానికి వెళ్ళాడు. గోడలన్నీ అద్దాలు. అక్కడ నేర్పేవాణ్ణి అందరూ కండలాయన అంటారు. మెడ ఎక్కడ ముగిసి భుజం ఎక్కడ మొదలైందో తెలియని మనిషి. పని అయ్యాక మెకానిక్ గొంతు తగ్గించి అడిగాడు.

"తమ్ముడూ, టెస్టోస్టెరాన్ పెరగాలంటే ఏం చెయ్యాలి?"

"అదెంతలో పనన్నా! నూనెలా ఉంటుంది, తుంటికి ఒక్క సూది. ఏం, వదిన గారు ఏమైనా అన్నారా?" అని కన్ను గీటాడు.

మెకానిక్ నవ్వి ఊరుకున్నాడు. అసలు సంగతి చెప్పి ఉంటే ఆ కండలాయనకైనా, అక్కడున్న ఇంకెవరికైనా వద్దనాలని తట్టేదేమో. చెప్పలేదు. పాత డంబెల్సు పడేసిన సామాన్ల గదిలో గోడకి తిరిగి నిలబడి సూది వేయించుకున్నాడు. ఆ తర్వాత అది అలవాటైంది. డాక్టరు రాసిన మాత్రలు మానేశాడు. రెండూ ఎందుకని అనుకున్నాడు. భార్యకి చెప్పలేదు. చెబితే డాక్టర్ని అడుగుదామంటుంది, డాక్టరు వద్దంటాడు, మళ్ళీ చేతులు కట్టుకుని కూర్చోవాలి. పని అయ్యాక చెబితే ఆమే సంతోషిస్తుందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. నిజానికి అతనికి కావలసింది వేరే. ఇన్నేళ్ళలో ఆమె ఒంటి మీద పడిన సూదులకు లెక్కలేదు. ఒక్కసారైనా తన వల్ల, తన కష్టం వల్ల ఏదైనా కావాలి.

ఒళ్ళు నిజంగానే మారింది. నిచ్చెన ఎక్కితే ఆయాసం లేదు. అద్దంలో ఛాతీ వెడల్పయింది. "మాత్రలు బాగానే పనిచేస్తున్నాయండోయ్" అని భార్య మురిసిపోయింది. అతనూ మురిసిపోయాడు. ఆ మురిపెంలో కూడా ఒంటరిగానే ఉన్నాడు, ఎందుకంటే ఆమె మురుస్తున్నది మాత్రల్ని చూసి.

రక్తపరీక్ష కాగితం చేతికొచ్చిన రోజు ల్యాబు మెట్ల మీదే నిలబడి చదువుకున్నాడు. ఎక్కువున్న ఎఫ్.ఎస్.హెచ్. దాదాపు సున్నాకి దిగింది. తక్కువున్న టెస్టోస్టెరాన్ అంచులు దాటి పొంగింది. తగ్గాల్సింది తగ్గి, పెరగాల్సింది పెరిగింది. ఇంకేం కావాలి? వెర్రి సంతోషంతో దారిన పోయేవాడెవడికో దండం పెట్టినంత పనిచేశాడు.

డాక్టరు కాగితం చూసి సంతోషించలేదు. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"నేను రాసిన మాత్రలు కాకుండా ఇంకేమైనా వాడుతున్నారా?"

అతను నోరు తెరిచేలోగా భార్య అందుకుంది. "లేదండీ. ఆయన తలనొప్పికి కూడా మాత్ర వేసుకోరు." ఆ మాట ఎంతో గర్వంగా అన్నది.

"ఇంజెక్షన్లు? పొడులు? వ్యాయామశాలల్లో ఇచ్చేవి?" ఆయన చూపు అతని మీదే ఉంది.

ఆమె అంత నమ్మకంగా చెప్పాక, ఆమె పక్కన కూర్చుని, ఆమె మాట అబద్ధమని ఎలా అంటాడు? నీళ్ళు నమిలి, "లేదండీ" అన్నాడు.

డాక్టరు కాగితం మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. "బయటినుంచి రాకపోతే లోపలే ఎక్కడో తయారవుతూ ఉండాలి. కిడ్నీల మీద టోపీల్లాంటి గ్రంథులుంటాయి. అక్కడ గడ్డ లేచి, అదే ఈ హార్మోన్ని కుమ్మరిస్తుంటే అంకెలు ఇలా వస్తాయి. చాలా అరుదు. కానీ చూడకుండా వదలకూడదు. ఆపరేషన్ మాట తర్వాత, ముందు స్కాన్ చేయిద్దాం."

"గడ్డంటే..." అని ఆగిపోయింది భార్య. "క్యాన్సరా అండీ?"

"కావచ్చు, కాకపోవచ్చమ్మా. ఇప్పుడే భయపడొద్దు."

భయపడొద్దని చెబితే భయపడనివాళ్ళెవరు? డాక్టరు గదిలోంచి బయటికొస్తూ ఆమె అతని చెయ్యి పట్టుకుంది. వీధిలో అతని చెయ్యి పట్టుకుని నడవడం ఆమెకు అలవాటు లేదు. ఇంటిదాకా వదల్లేదు.

స్కాన్ తేదీ వచ్చేదాకా గడిచిన రోజుల్లో అతను పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. నరకమంటే అతని ప్రాణానికేదో అవుతుందని కాదు. తన ఒంట్లో గడ్డ లేదని ప్రపంచంలో తెలిసిన మనిషి అతనొక్కడే. ఆమె దుకాణానికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. పనికి వెళ్ళొద్దంది, నిచ్చెనెక్కొద్దంది. అతను తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేది. అత్తగారు ఫోన్ చేసి మడత సంగతి ఎత్తితే ఆమె ఊఁ కొట్టింది తప్ప అతని వైపు చూసి కళ్ళెగరెయ్యలేదు. ఇంట్లో నవ్వు పోయింది. అతను చెప్పాలని రోజూ అనుకునేవాడు. నోటిదాకా వచ్చిన మాట ఆమె మొహం చూడగానే వెనక్కి పోయేది. ఎంత ఆలస్యమైతే అంత ఘోరమైపోతోందని తెలుసు. తెలిసీ ఆలస్యం చేశాడు.

ఒక మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతూ, అతని చొక్కా ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండా అన్నది.

"పిల్లలూ వద్దు, ఏమీ వద్దండీ. నాకు మీరుంటే చాలు."

ఆ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశాడో అతనికే తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చిన ప్రతిసారీ, ఉయ్యాల ఉన్న గదిలోంచి బయటపడిన ప్రతిసారీ, ఈ ఒక్క మాట ఆమె అంటే బాగుండునని అనుకునేవాడు. అడిగి అనిపించుకునే మాట కాదది. ఇప్పుడు అడగకుండానే అన్నది. అబద్ధం మీద కూర్చుని ఆ మాట విన్నాడు. లేచి వెళ్ళి పెరటి తలుపు దగ్గర నిలబడ్డాడు. నిజం చెబితే ఆ మాట పోతుంది. చెప్పకపోతే దాన్ని తాకే అర్హత తనకు లేదు. ఏడుపొచ్చింది. ఆమె వెనకనుంచి వచ్చి, అతను చావుకి భయపడుతున్నాడనుకుని వీపు నిమిరింది.

డాక్టరు గారి ఆస్పత్రిలోనే స్కాన్ గది, బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు. లోపల ఏసీ ఎక్కువగా పెట్టారు, తలుపు తెరుచుకున్నప్పుడల్లా చలి బయటికి కొడుతోంది. స్కాన్ తీసే అమ్మాయి వచ్చి, "ఒంటి మీద లోహమేదీ ఉండకూడదండీ, గడియారంలాంటివి తీసి అమ్మగారికివ్వండి. చేతికి సూది గుచ్చి మందెక్కిస్తాం, ఒళ్ళు కాస్త వేడెక్కుతుంది, కంగారుపడొద్దు" అని చెప్పి లోపలికి వెళ్ళింది.

అతను గడియారం తీసిచ్చాడు. ఆమె దాన్ని సంచిలో వేసుకోలేదు. తన చేతికి పెట్టుకుంది. ఆమె సన్నటి మణికట్టుకి ఆ గడియారం మోచేతిదాకా జారుతోంది. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని, పెదాలు బిగించి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది. అతను ఇంక తట్టుకోలేకపోయాడు.

"నాకే గడ్డా లేదు."

"లేదనే వస్తుందండీ. ధైర్యంగా ఉండండి."

"ధైర్యం కోసం కాదు. లేదని నాకు తెలుసు. ఇంజెక్షన్లు వేయించుకున్నాను. ఆ హార్మోనే. వ్యాయామశాలలో. అంకె పెరుగుతుందని."

ఆమె అతని మొహంలోకి చూసింది. చూసి కళ్ళు మూసుకుని, "అమ్మయ్య" అని పెద్ద ఊపిరి వదిలింది. ఆ క్షణాన అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా, ఇంత తేలిగ్గా అయిపోయిందా అనుకున్నాడు. కానీ ఆమె కళ్ళు తెరిచేసరికి ఆ చూపు వేరు.

"ఎన్నాళ్ళబట్టి?"

చెప్పాడు.

"డాక్టరు గారు అడిగినప్పుడు నేనేమన్నాను?"

ఆ జవాబు కూడా ఆమే చెప్పింది.

"తలనొప్పికి కూడా మాత్ర వేసుకోరని అన్నాను. నా నోటితో నాచేత చెప్పించారు." గొంతు పెంచలేదు. చుట్టూ జనం ఉన్నారు. "అత్తయ్యతో ఎన్ని అబద్ధాలాడాం మనం. ఇద్దరం కూర్చుని, అనుకుని, నవ్వుకుని ఆడాం. నాకు ఒక్కనాడూ కష్టమనిపించలేదు. ఇది మీరొక్కరే ఆడారు."

గడియారం తీసి అతని అరచేతిలో పెట్టింది.

"వెళ్ళి డాక్టరు గారితో చెప్పండి. నేను రాను."

ఇన్నేళ్ళలో ఏ డాక్టరు గదిలోకీ అతను ఒంటరిగా వెళ్ళలేదు. ఏం అడగాలో, ఏ కాగితం ఎక్కడుందో అన్నీ ఆమెకే తెలుసు. ఆ రోజు వెళ్ళాడు. తప్పుచేసిన బడిపిల్లాడిలా నిలబడే అంతా చెప్పేశాడు. డాక్టరు కోప్పడలేదు.

"కూర్చోండి. ఇక స్కాన్ అక్కర్లేదు. ఇలా చేసింది మీరొక్కరే కాదు. వచ్చి చెప్పేవాళ్ళు తక్కువ, అంతే. ఏం జరిగిందో చెబుతాను వినండి. మందు బయటినుంచి వచ్చి పడుతుంటే, కావలసినంత ఉందని తల అనుకుంటుంది. ఆర్డరు పంపడం మానేస్తుంది."

తర్వాతది ఆయన చెప్పనక్కర్లేకపోయింది. ఏసీ సెన్సరు దగ్గర మంచుముక్క పెడితే ఏమవుతుందో మెకానిక్కి తెలుసు. గది చల్లబడిందనుకుని మిషను కంప్రెషర్ని ఆపేస్తుంది. గదిలో మనుషులు ఉక్కపోతతో చస్తున్నా దానికి తెలియదు. సున్నాకి దిగిన ఆ అంకె చూసి తను మెట్ల మీద మురిసిపోయాడు. తల అరుపు తగ్గింది కింద పని మొదలై కాదు. పిలిచేవాళ్ళు పిలవడమే మానేశారు. ఏదో ఒక మూల, ఏదో చిన్న జాగాలో ఇన్నేళ్ళూ ఎవరికీ కనబడకుండా జరుగుతున్న కాస్త పని ఉండి ఉంటే, దాన్ని కూడా తన చేత్తో తనే ఆపేశాడు.

"మళ్ళీ మొదలవుతుందా అండీ?"

"ఇంజెక్షన్లు ఆపితే చాలామందికి అవుతుంది. నెలలు పడుతుంది. ఏడాది దాటినా దాటొచ్చు. మీకు ముందునుంచే ఆ పని తక్కువ కాబట్టి ఏదీ ఖాయంగా చెప్పలేను."

"ముందున్నంత అవకాశమైనా ఉంటుందా?"

"ముందెంతుందో మనకి తెలిస్తే కదా." ఆయన పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "ఏడాదంటే మీకు పెద్ద తేడా కాదు. మీ ఆవిడ వయసుకి పెద్ద తేడానే. ఆ సంగతి ఆవిడతో మాట్లాడాలి. ఇవాళ కాకపోయినా రమ్మనండి."

బయటికి వచ్చేసరికి ఆమె అదే కుర్చీలో ఉంది. "ఏమన్నారు?" అని అడిగింది. ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ఏడాది సంగతి చెప్పాడు, ఆమె వయసు సంగతి కూడా చెప్పాడు. ఆమె తల ఊపి, సంచి భుజానికి తగిలించుకుని నడిచింది. అతను వెనక నడిచాడు.

బస్సు ఆగేచోట ఎవరూ లేరు. ఆమె రోడ్డు వైపు తిరిగి నిలబడింది. వచ్చేటప్పుడు ఇదే చోట అతని చెయ్యి పట్టుకుని నిలబడింది. ఇప్పుడు రెండు చేతులూ సంచి మీదున్నాయి. తిడితే బాగుండును, ఏడిస్తే బాగుండును అనిపించింది అతనికి. ఆమె రెండూ చెయ్యలేదు. అడగకూడదని తెలిసీ ఉండబట్టలేక అడిగాడు.

"మొన్న ఒక మాటన్నావు. నేనుంటే చాలని."

బస్సు దూరంగా కనబడుతోంది. ఆమె దాని వైపే చూస్తూ అన్నది.

"అది పోతాడేమోనని నేను భయపడ్డ మనిషితో అన్నానండీ. ఉన్న మనిషితో ఏమనాలో నాకింకా తెలియట్లేదు."

కోపంగా అనలేదు. కళ్ళజోడు ఎంచుకోలేక తికమకపడే మనిషికి ఏది నప్పుతుందో చెప్పేటంత మెల్లగా అన్నది. బస్సొచ్చి ఆగింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగానే ఉంది. అతను పైన కమ్మీ పట్టుకుని ఇల్లొచ్చేదాకా నిలబడే ఉన్నాడు.